డబ్బాలో మగ్గిన సీజన్: ‘ప్రాజెక్ట్ రన్‌వే’ ఆరో సీజన్ ఎందుకంత వేరుగా కనిపిస్తుంది?

క్లుప్తంగా: అమెరికా ఫ్యాషన్ డిజైన్ పోటీ ‘ప్రాజెక్ట్ రన్‌వే’ ఆరో సీజన్ షూటింగ్ 2008లోనే జరిగింది. ఛానల్ మార్పు మీద కేసు పడటంతో 2009 ఆగస్టు దాకా టీవీలో రాలేదు. ఫైనల్ ఫ్యాషన్ షో మాత్రం ఆగలేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే, డిజైనర్ల పేర్లు బయటపెట్టకుండా జరిగిపోయింది. ఆ నెలల తేడా పెద్ద కంపెనీల కన్నా బట్టలు కుట్టినవాళ్లకే ఎక్కువ భారమైంది.

వరసగా చూసేవాళ్లకు తగిలే తికమక

2004 డిసెంబర్ 1న బ్రావో ఛానల్‌లో మొదలైన ఈ షో 2025 జులైలో 21వ సీజన్‌తో ఫ్రీఫామ్ ఛానల్‌కి చేరింది. మొదటి 16 సీజన్లూ నడిపిన హైడీ క్లూమ్ మళ్లీ వచ్చారు. దాంతో పాత సీజన్లను మొదటి నుంచి చూద్దామని కూర్చున్నవారికి ఐదో సీజన్ దాకా ఏ ఇబ్బందీ ఉండదు. అదే న్యూయార్క్, అదే పార్సన్స్ డిజైన్ స్కూల్ వర్క్‌రూమ్, జడ్జీల కుర్చీల్లో అవే ముఖాలు. ఆరోది మొదలవగానే ఊరే మారిపోతుంది. పోటీ లాస్ ఏంజెలెస్‌లో జరుగుతుంది. జడ్జీలు, అంటే డిజైనర్ మైకేల్ కోర్స్, ఫ్యాషన్ పత్రిక ఎడిటర్ నీనా గార్సియా, ఒక వారం కనిపిస్తే ఒక వారం కనిపించరు. టీవీలో నవంబర్‌లో వచ్చిన ఫైనల్‌లో ఫిబ్రవరి నాటి ఫ్యాషన్ షో కనిపిస్తుంది.

ఇప్పుడు ఎపిసోడ్లన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి కాబట్టి మధ్యలో ఎంత ఖాళీ వచ్చిందో తెలియదు. ఐదో సీజన్ ఫైనల్ 2008 అక్టోబర్‌లో వచ్చింది. ఆరో సీజన్ మొదటి ఎపిసోడ్ 2009 ఆగస్టు 20న. మధ్యలో పది నెలలు.

ఒప్పందంలో ఒక్క మాట మీద గొడవ

అప్పట్లో షో తీసేది వైన్‌స్టైన్ కంపెనీ. వేసేది బ్రావో, అంటే దాని యజమాని ఎన్‌బీసీ యూనివర్సల్. 2008 ఏప్రిల్‌లో వైన్‌స్టైన్ కంపెనీ ఆరో సీజన్ నుంచి షోని లైఫ్‌టైమ్ అనే వేరే ఛానల్‌కి ఇస్తున్నామని, ఐదేళ్లకు ఒప్పందం కుదిరిందని ప్రకటించింది. వెంటనే ఎన్‌బీసీ యూనివర్సల్ న్యూయార్క్ కోర్టుకెళ్లింది. షోని బయటివాళ్లకి ఇచ్చే ముందు తమను అడగాలని, వాళ్లిచ్చే ధర తాము ఇస్తే తమకే ఇవ్వాలని దాని వాదన.

ఇది మనకు తెలియని వ్యవహారమేమీ కాదు. ఇల్లు అమ్మేటప్పుడు అద్దెకున్నవాళ్లకే ముందు చెప్పాలని, బయటి పార్టీ ఎంత ఇస్తానంటే అంత వాళ్లు పెట్టుకుంటే వాళ్లకే రిజిస్ట్రేషన్ చేయాలని కాగితం రాసుకోవడం లాంటిది. గొడవ ఎప్పుడూ అడిగారా లేదా అన్న దగ్గరే వస్తుంది. ఒకరు అడగలేదంటారు, ఇంకొకరు అడిగాం, బేరం కుదరలేదంటారు. ఇక్కడా అంతే.

2008 సెప్టెంబర్‌లో కోర్టు తాత్కాలిక ఇంజంక్షన్ ఇచ్చింది. కేసు తేలేదాకా షో లైఫ్‌టైమ్‌లో రావడానికి లేదు. అలాగని బ్రావోలోనూ రాదు. రీళ్ల కాలంలో ఆర్థిక గొడవలతో ఆగిన సినిమా ల్యాబ్‌లో డబ్బాల్లో మగ్గేది. తీసిన సీజన్‌కి అదే గతి పట్టింది. చివరికి 2009 ఏప్రిల్ మొదట్లో రెండు పక్షాలూ రాజీకొచ్చాయి. వైన్‌స్టైన్ కంపెనీ కొంత సొమ్ము కట్టి షోని లైఫ్‌టైమ్‌కి తీసుకెళ్లింది.

అలా ఒక ఏడాది పోయింది. టీవీ వ్యాపారంలో ఇలాంటి దావాలు కొత్త కాదు. ఆలస్యం వల్ల ఛానల్‌కి పెద్దగా దెబ్బ తగిలిందనీ చెప్పలేం. లైఫ్‌టైమ్‌లో మొదటి ఎపిసోడ్‌ని 40 లక్షల మందికి పైగా చూశారు. వంటల పోటీనో పాటల పోటీనో ఏడాది ఆలస్యంగా వేస్తే పోటీదారులకూ పెద్ద తేడా ఉండకపోవచ్చు. పాట పాతబడదు. బట్ట పాతబడుతుంది. ఆరో సీజన్‌ని అర్థం చేసుకోవాలంటే ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి.

రెండు క్యాలెండర్లు కలిసే చోటు

న్యూయార్క్ ఫ్యాషన్ వీక్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. ఫిబ్రవరిలో చూపించేవి ఆ ఏడాది చలికాలానికి వేసుకునే బట్టలు. సెప్టెంబర్‌లో చూపించేవి వచ్చే ఏడాది వసంతానికి. అప్పట్లో షోలన్నీ బ్రయంట్ పార్క్‌లో వేసిన గుడారాల్లో జరిగేవి. షో అయ్యాక దుకాణాల కొనుగోలుదారులు ఆర్డర్లు పెడతారు, పత్రికలు రాస్తాయి, ఫ్యాక్టరీలు కుడతాయి, ఐదారు నెలలకు సరుకు షాపులోకి వస్తుంది. ఫిబ్రవరిలో ర్యాంపు మీద నడిచిన కోటు ఆగస్టు, సెప్టెంబర్లకి హ్యాంగర్‌కి వేలాడాలి. నవంబర్ దాటితే దాని మీద డిస్కౌంట్ బోర్డు పడుతుంది.

‘ప్రాజెక్ట్ రన్‌వే’ బలమంతా ఈ క్యాలెండర్‌కి తన ప్రసారాన్ని తగిలించుకోవడంలో ఉంది. ఫైనల్‌కి వచ్చినవాళ్లు ఇంటికెళ్లి పూర్తి కలెక్షన్ కుట్టుకొస్తారు. దాన్ని నిజమైన ఫ్యాషన్ వీక్‌లో, నిజమైన విలేకరుల ముందు చూపిస్తారు. సరిగ్గా అప్పుడే టీవీలో ఎపిసోడ్లు నడుస్తుంటాయి. గుడారంలో కూర్చున్నవాళ్లకి ఆ డిజైనర్ ఎవరో, ఏ వారం ఏం కుట్టారో, ఎవరితో పడలేదో అన్నీ తెలిసే ఉంటాయి.

నాలుగో సీజన్ దీనికి మంచి నమూనా. 2007 నవంబర్ 14న మొదలైంది. 2008 ఫిబ్రవరిలో బ్రయంట్ పార్క్‌లో షో జరిగింది. మార్చి 5న విజేతగా క్రిస్టియన్ సిరియానో పేరు ప్రకటించారు. పోటీలో అడుగుపెట్టేనాటికి అతనికి 21 ఏళ్లు. ఫైనల్‌కి విక్టోరియా బెక్‌హామ్ అతిథి జడ్జి. గుడారంలో చప్పట్లు కొట్టిన నాటికీ, టీవీలో గెలిచిన నాటికీ మధ్య నెల కూడా లేదు. పేరు వేడిగా ఉండగానే పేలెస్ అనే చవక చెప్పుల కంపెనీకి డిజైన్లు చేసే పని దక్కింది. 2016లో డెమొక్రటిక్ పార్టీ జాతీయ సదస్సులో మిషెల్ ఒబామా వేసుకున్న నీలం డ్రెస్ అతనిదే.

ఇప్పుడు ఆరో సీజన్ తేదీలు పక్కన పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఫైనల్ కలెక్షన్ల షో 2009 ఫిబ్రవరిలో. ఎపిసోడ్లు ఆగస్టు 20 నుంచి. విజేత ఎవరో తెలిసింది నవంబర్ 19న. ఆ మధ్యలో సెప్టెంబర్‌లో ఇంకో ఫ్యాషన్ వీక్ వచ్చి వెళ్లిపోయింది. పరిశ్రమ కళ్లన్నీ 2010 వసంతం మీదికి మళ్లాయి. ఫైనల్‌కి చేరిన ముగ్గురు డిజైనర్లు కుట్టిన చలికాలం బట్టలు అప్పుడు జనం ముందుకొచ్చాయి. సంక్రాంతికని దర్జీకిచ్చిన బట్టలు ఉగాదికి ఇంటికి చేరితే ఎలా ఉంటుందో అలాగ. కుట్టులో వంక లేదు, కొలతలో తేడా లేదు. పండగే అయిపోయింది.

అయితే ఇక్కడ అతి చేయకూడదు. ఈ పోటీ ఫైనల్‌లో చూపించే కలెక్షన్‌కి మామూలు రోజుల్లో కూడా ఆర్డర్లు వరద కట్టవు. ఒక్కో డిజైన్‌కి ఒక్కో పీసే ఉంటుంది, వెనక ఫ్యాక్టరీ ఉండదు. డిజైనర్‌కి దక్కేది సరుకు అమ్మకం కన్నా గుర్తింపు. ఫలానా బట్ట ఫలానావాళ్లది అని పరిశ్రమ మనసులో పడే ముద్ర. ఆరో సీజన్‌లో దెబ్బ తిన్నది సరిగ్గా అదే.

పేరు లేని ర్యాంపు

2009 ఫిబ్రవరి నాటికి ఇంజంక్షన్ ఇంకా ఉంది. సీజన్ ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. ఫ్యాషన్ వీక్ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. దాంతో షో జరిపారు, పేర్లు దాచారు.

మామూలు సీజన్లలోనూ ఫలితం బయటపడకుండా ఒక ఏర్పాటు ఉండేది. అప్పటికే ఎలిమినేట్ అయిన ఒకరిద్దరితో కూడా కలెక్షన్ చూపించేవారు. దాంతో ఫైనల్‌లో ఎవరున్నారో గుడారంలో ఉన్నవాళ్లు కచ్చితంగా చెప్పలేకపోయేవారు. అది చిన్న ముసుగు. ప్రతి డిజైనర్‌కీ కనీసం తన పేరు మీద చప్పట్లు దక్కేవి. ఈసారి దాచాల్సి వచ్చింది పేర్లనే. పోటీలో ఎవరున్నారో దేశానికి ఇంకా తెలియదు కాబట్టి ఒక్క పేరు చెప్పినా సీజన్ మొత్తం బయటపడిపోతుంది.

లైట్లు ఆరాయి, పాట మొదలైంది, మోడళ్లు ఒకరి వెనక ఒకరు నడిచారు. ఎవరి పనో చెప్పేవారు లేరు. ఫోటోగ్రాఫర్లు ఫోటోలు తీశారు, వాటి కింద రాయడానికి పేరు లేదు. ఏ కొత్త డిజైనర్‌కైనా బ్రయంట్ పార్క్ గుడారంలో ఇరవై నిమిషాలు దొరకడమంటే జీవితాంతం చెప్పుకునే మాట. వీళ్లు ఆ మాటని నెలల తరబడి నోట్లోనే ఉంచుకోవాల్సి వచ్చింది. పోటీలో ఉన్నట్టు కూడా చెప్పుకోలేని ఆ కాలంలో కస్టమర్లకి ఏం చెప్పాలి, అప్పు అడిగే చోట ఏం చూపించాలి? నిర్మాతలకూ ఛానళ్లకూ లాయర్లున్నారు. ఈ డిజైనర్లు ఆ కేసులో పార్టీలే కారు. ఈ వ్యవహారం మొత్తంలో అన్యాయమనదగ్గది ఏదైనా ఉంటే ఇదే.

ఫైనల్‌కి వచ్చిన ముగ్గురూ మహిళలే. జార్జియా దేశంలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఇరీనా షబయేవా, ఒహాయో నుంచి వచ్చిన ఆల్తియా హార్పర్, సౌత్ కరొలైనాకి చెందిన కెరల్ హానా విట్‌ఫీల్డ్. కెరల్ హానా ఫైనల్ ముందు రోజుల్లో జబ్బుపడి, లేవలేని ఒంటితోనే పని ముగించారు. న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ తీరం స్ఫూర్తితో ఎక్కువగా నలుపులో చేసిన కలెక్షన్‌కి ఇరీనా గెలిచారు. బహుమతి లక్ష డాలర్లు, మేరీ క్లేర్ పత్రికలో పేజీలు. ముందు సీజన్లలో ఆ పేజీలు ఎల్ పత్రికవి. నీనా గార్సియా 2008లో పత్రిక మారడంతో బహుమతీ మారింది.

ఖాళీ కుర్చీల లెక్క

లాస్ ఏంజెలెస్‌కి మారడం వల్ల వచ్చిన చిక్కు వేరు. మైకేల్ కోర్స్‌కి తన కంపెనీ, నీనా గార్సియాకి తన పత్రిక న్యూయార్క్‌లో ఉన్నాయి. ప్రతి ఎలిమినేషన్‌కీ దేశం ఈ చివర నుంచి ఆ చివరకి ఎగరడం కుదరని పని. వాళ్లు రాని వారాల్లో వేరేవాళ్లు కూర్చున్నారు. మొదటి ఎపిసోడ్‌కి నటి లిండ్సే లోహన్ అతిథి జడ్జి.

అతిథులు తెలివితక్కువవాళ్లని కాదు. ఈ పోటీలో తీర్పు ఒక్క డ్రెస్ మీద ఆధారపడదన్నదే అసలు సంగతి. పోయిన వారం ఇదే డిజైనర్ ఇదే నడుము పట్టీ వేశారా, జిప్పు దగ్గర ముడత మళ్లీ వచ్చిందా, చెప్పిన తప్పు దిద్దుకున్నారా అన్నవి గుర్తుండాలి. ప్రతి వారం కూర్చునే జడ్జికే ఆ జ్ఞాపకం ఉంటుంది. ఆరో సీజన్‌లో ఆ జ్ఞాపకం దాదాపుగా హైడీ క్లూమ్ ఒక్కరిదే అయింది. అందుకే కొన్ని తీర్పులు గాలివాటంగా అనిపిస్తాయి. ఏడో సీజన్‌కి షో న్యూయార్క్ తిరిగి వెళ్లిపోయింది. ఆ నిర్ణయమే ఈ విమర్శకి జవాబు.

న్యూస్‌పేపర్ కోటు

ఇన్ని లోటుపాట్ల మధ్య కూడా ఈ సీజన్‌లో గొప్ప పని జరిగింది. ఒక వారం డిజైనర్లకి బట్టకి బదులు లాస్ ఏంజెలెస్ టైమ్స్ కాపీలిచ్చి డ్రెస్ చేయమన్నారు.

కాగితంతో కుట్టడం ఎంత కష్టమో మిషన్ తొక్కినవాళ్లకి చెప్పక్కర్లేదు. బట్టకి నిలువు పోగు, అడ్డ పోగు ఉంటాయి, ఏటవాలుగా లాగితే సాగుతుంది. ఒంటి వంపులకి అమరేది ఆ సాగుడు వల్లే. కాగితం సాగదు. సూది దిగిన చోట చిల్లు అలాగే ఉండిపోతుంది. కుట్టు దగ్గరగా వేస్తే పోస్టల్ స్టాంపుల షీటులా ఆ గీత వెంబడే చిరుగుతుంది, దూరంగా వేస్తే నిలవదు. తప్పు కుట్టి విప్పే అవకాశమే లేదు. ఇస్త్రీ ఆవిరి తగిలితే మెత్తబడుతుంది. ఇరీనా దాంతో కోటు చేశారు. మెడ దగ్గర సన్నని పేలికలుగా చీల్చిన కాగితం ఒత్తుగా పేర్చి, దూరం నుంచి బొచ్చు కాలర్‌లా కనిపించేలా. ఆ వారం గెలుపు ఆ కోటుదే. కాగితం గుణాన్ని దాచకుండా, చిరిగే దాని తత్వాన్నే అందంగా వాడుకున్న పని అది.

ఇలాంటి పరీక్ష తెలుగు విద్యార్థులకీ తెలిసిందే. ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో డిజైన్ సీటు కోసం వెళ్లేవాళ్లకి సిట్యుయేషన్ టెస్ట్ ఉంటుంది. చేతికి కొన్ని వస్తువులిచ్చి, ఇచ్చిన టైమ్‌లో వాటితోనే ఒక నమూనా చేయమంటారు. అక్కడా ఇక్కడా చూసేది ఒక్కటే: చేతిలో ఉన్న సరుకు ఏం చేయగలదో, ఏం చేయలేదో ఎంత త్వరగా పట్టుకున్నారని.

అదే వారం ఇంకో ఘటన జరిగింది. ఒక పోటీదారు తన మొదటి డ్రెస్ పక్కన పడేసి వేరేది చేశారు. ర్యాంపు దగ్గర జడ్జీలతో ఇస్త్రీ పెట్టె నీళ్లు కారి మొదటిది పాడైందన్నారు. అది నిజం కాదని వర్క్‌రూమ్‌లో ఉన్నవాళ్లకి తెలుసు. మెంటార్ టిమ్ గన్ తర్వాత ఆ మాటని గట్టిగానే తప్పుపట్టారు. పోటీ నిర్మాణంలోని ఒక లోపం ఇక్కడ బయటపడుతుంది. కుట్టేటప్పుడు చూసే టిమ్ గన్‌కి ఓటు లేదు. ఓటున్న జడ్జీలు కుట్టడం చూడరు. ఇద్దరి మధ్యా ఉన్నది డిజైనర్ చెప్పే కథ ఒక్కటే. ఆ కథ కన్నా డ్రెస్సే ఎక్కువ మాట్లాడాలన్నది జడ్జీల నియమం. ఆ వారం ఎలిమినేట్ అయింది ఆ పోటీదారే.

క్యాలెండర్ ఒక్కటే కారణమా?

కాదు. మొదటి సీజన్‌కి తేదీలన్నీ చక్కగా కుదిరాయి. 2005 ఫిబ్రవరిలో జే మెకారల్ గెలిచారు. కానీ లక్ష డాలర్ల బహుమతి వద్దన్నారు. తన వ్యాపారంలో పది శాతం వాటా నిర్మాతలకి రాసివ్వాలన్న షరతు అందుకు కారణం. టీవీలో గెలుపు వేరు, దాని వెనక ఒప్పందం వేరు అన్నది ఈ షోలో మొదటి ఏడాదే తెలిసిపోయింది. సిరియానో ఎదగడానికీ క్యాలెండర్ ఒక మెట్టే. మిగతాది ఆ తర్వాత ఏళ్లకేళ్లు చేసిన పని. ఏ సైజు ఒంటికైనా కుడతాననే పట్టుదల అతనికి ప్రత్యేకమైన కస్టమర్లను తెచ్చిపెట్టింది.

టీవీకీ, దుకాణానికీ మధ్య ఖాళీని పూర్తిగా మూసే ప్రయత్నం ఆ తర్వాత జరిగింది. 2017లో వైన్‌స్టైన్ కంపెనీ అధినేత హార్వీ వైన్‌స్టైన్ మీద లైంగిక వేధింపుల ఆరోపణలు రావడంతో ఆ కంపెనీ కూలింది. షో 2019లో మళ్లీ బ్రావోకి చేరింది. హైడీ క్లూమ్, టిమ్ గన్ మాత్రం అమెజాన్‌కి వెళ్లి 2020లో ‘మేకింగ్ ద కట్’ మొదలుపెట్టారు. బహుమతి పది లక్షల డాలర్లు. ఎపిసోడ్‌లో గెలిచిన డ్రెస్‌కి సాదా రూపం ఎపిసోడ్ వచ్చిన వెంటనే అమెజాన్‌లో అమ్మకానికి పెట్టేవారు. ప్రేక్షకుడు చూస్తూనే కొనొచ్చు. ఫ్యాషన్ వీక్ కోసం ఎదురుచూపు లేదు, కొనుగోలుదారుల ఆర్డర్ లేదు. ఆరో సీజన్‌లో తొమ్మిది నెలలు పట్టిన దూరాన్ని ఒక్క బటన్‌కి కుదించారు. అయితే డిజైనర్ అక్కడ ఆ ఒక్క దుకాణం మీదే ఆధారపడాలి. అది ఇంకో రకం కట్టుబాటు.

ముహూర్తం చూసే బట్టలు

ఆరో సీజన్ ఫైనలిస్టుల్లో ఇద్దరు తర్వాత ఎటు వెళ్లారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. విజేత ఇరీనా షబయేవా పెళ్లి గౌన్లు చేశారు. కెరల్ హానా విట్‌ఫీల్డ్ న్యూయార్క్‌లో పెళ్లి గౌన్ల లేబులే పెట్టారు. కేసు వల్లే అటు వెళ్లారని చెప్పడానికి లేదు. గౌన్ల మీద కెరల్ హానాకి ఉన్న పట్టు పోటీలోనే కనిపించింది. కానీ ఆ వ్యాపారం లెక్క వేరు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బొటిక్ నడిపేవాళ్లు దీన్ని వెంటనే పట్టుకుంటారు. పెళ్లికూతురి జాకెట్టు మీద మగ్గం వర్క్ చేయించేవాళ్లు ఫిబ్రవరి కలెక్షన్, సెప్టెంబర్ కలెక్షన్ అని చూడరు. లగ్నం ఎప్పుడో అడుగుతారు, ఎన్ని రోజులుందో లెక్కేసుకుంటారు, అడ్వాన్స్ తీసుకుంటారు. కుట్టే ముందే కొనేవాళ్లు ఎదురుగా ఉంటారు. కొలతలు వాళ్లవే, తేదీ వాళ్లదే. పక్క ఛానల్‌లో ఏం నడుస్తోందన్నది ఆ తేదీని మార్చలేదు.